బావ పేరున ఊదిన సోమవారాలు

వారం 10, సోమవారం

కంపెనీకి నేను రాసే ఆరోగ్య దినచర్య తెర మీద ఉంటుంది. అందులో మా జట్టు ఎనిమిదిమందిమీ ఎప్పుడూ బాగానే ఉంటాం. ఈ పుస్తకం వేరు. కాగితం దొరకడమే గగనమైన రోజుల్లో, మా నాయిన బ్యాండు సామాన్ల పెట్టె అడుగున కనిపించింది. సగంలో ఆయన రాసుకున్న పెళ్లిపాటల వరస ఉంది, మిగతా సగం ఖాళీ. ఉన్నదున్నట్టు రాసుకోవడానికి ఒక చోటంటూ ఉండాలి కదా. లేకపోతే అబద్ధం రాసీ రాసీ ఏది నిజమో నాకే మరుపొస్తుంది.

ఇవాళ ఊదుడు రోజు. ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి గని మూతి దగ్గర వరసలో నిలబడాలి. మణికట్టు పట్టీని ఊపిరి కొలిచే గొట్టానికి తగిలించి, గుండెలనిండా పీల్చి ఊదాలి. ఒక అంకె వస్తుంది. అరవై దాటితే కిందికి దిగొచ్చు. అరవై లోపు దిగితే విశ్రాంతి ఇస్తారు. కంపెనీ విశ్రాంతి ఇచ్చిందంటే కొలువు పోయినట్టే. కొలువుతో పాటే వైద్య కవచం పోతుంది, ఇంట్లోవాళ్లదీ పోతుంది. ఒంట్లో బాగున్నంతకాలం ఎంత వైద్యమైనా మాకు ఉచితం.

ఈ సొరంగాల్లో ఒకప్పుడు బొగ్గు తవ్వేవారట. ఇప్పుడు వీటినిండా లెక్కలు చేసే యంత్రాలు. అవి వేడెక్కకుండా గొట్టాల్లో చలువ ద్రవం పారుతుంది, గొట్టాల మీద తెల్లపొడి పేరుకుంటుంది. దాన్ని గీకి సంచుల్లో ఎత్తడం మా పని. సంచుల్లోకి పోయినంత పోగా మిగిలింది మా ఛాతీలోకి పోతుంది. ఎవరికి వైద్యం ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే యంత్రం కూడా ఇక్కడే, అన్నిటికన్నా కింద నాలుగో అంతస్తులో ఉంది. మేము దాన్ని దొర అంటాం. దొరకు ఉక్కపోయకుండా చూసుకోవడమే మా బతుకు.

మా జట్టులోనే మా బావ కొమురయ్య ఉన్నాడు, మా అక్క ఐలవ్వ భర్త. ఆయన ఊపిరి నిరుడే యాభైకి దిగింది. అక్కకు షుగరు. రోజుకు రెండు సూదులు పడాలి, ఆ సూదులు బావ కవచం మీదే వస్తాయి. అందుకని పద్నాలుగు నెలలుగా బావకు నేనే ఊదుతున్నాను. వరసలో నా వెనక నిలబడి, పట్టీ విప్పి నా చేతిలో పెడతాడు. గొట్టానికి పట్టీ ఎవరిదో కావాలి గాని మూతి ఎవరిదో అక్కర్లేదు. ఇది మేమిద్దరమే చేసే దొంగతనం కాదు. ప్రతి జట్టులో ఒక మంచి ఊపిరి ఉంటుంది, దాన్ని ముగ్గురు నలుగురు వాడుకుంటారు. మా జట్టులో అది నాది. పదేళ్లప్పటినుంచి పెళ్లి బ్యాండులో బూర ఊదినవాణ్ని. బావకు ఎప్పుడూ డెబ్బై దగ్గర ఆపుతాను.

ఇవాళ ఆపలేదు. తప్పంతా ఆయన నోటిదే.

"ఏందిరా బామ్మర్దీ, మొన్న రజిత శ్రీమంతంల బూర ఊదుకుంట నడుమనే దమ్ము తీసినవ్. ముసలోనివైనవ్ పో," అన్నాడు, వరసంతా వినబడేట్టు.

రజిత మా జట్టు పిల్లే, ఏడో నెల. తనూ కిసుక్కున నవ్వింది.

"నీకు ఊది ఊదే గిట్లయిన బావా," అన్నాను.

"నేను సచ్చిననాడన్న దమ్ము తియ్యకుండ ఊదురా. పదిమందిల ఇజ్జత్ తియ్యకు."

అందరూ పగలబడి నవ్వారు. నాకు మండింది. ఆయన పట్టీ తగిలించి, కళ్లు మూసుకుని, బరాత్ ముందు ఊదినట్టు ఊదాను. తొంభై రెండు వచ్చింది.

"జూస్తివా బావా నీ దమ్ము!" అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

వారం 10, గురువారం

కంపెనీ క్షేమాధికారి జ్యోత్స్న మేడం శాలువా పట్టుకుని వచ్చింది. మా బావకు సన్మానమట. గని మూతి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"కొమురయ్య గారూ, యాభై రెండేళ్ల వయసులో తొంభై రెండు! మీరు అందరికీ ఆదర్శమండీ," అని శాలువా కప్పి, చేతిలో స్టీలు ఫ్లాస్కు పెట్టింది. బావ దగ్గు ఆపుకోవడానికి పళ్లు బిగపట్టాడు. ఫోటోలో అది నవ్వులా పడింది.

ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చింది. ఎనభై ఐదు దాటిన ఊపిరి ఉన్నవాళ్లను నాలుగో అంతస్తుకు పంపుతారట. అక్కడ గాలి తక్కువ, పొడి ఎక్కువ. అందుకే గట్టివాళ్లు కావాలట. వాళ్లకు ప్రత్యేక కవచం ఉంటుంది, కింద పడిపోతే పెద్ద చికిత్స కూడా చేయిస్తారు. మాకెవరికీ లేని భాగ్యం అది.

"నాకొద్దు మేడం, పైననే ఉంట," అన్నాడు బావ.

"కాదనాలంటే ఆరోగ్య కారణం చూపించాలండీ. మీకు లేదు కదా!" అంది ఆమె సంతోషంగా. ఆమె నిజంగానే సంతోషించింది. దానికే నాకు ఒళ్లు మండింది.

ఇంటికి వెళ్లేసరికి అక్క శాలువా చూసి, కాగితం చదివించుకుని, ఆఖరుకు నా మొహంలోకి చూసింది.

"ఎంత ఊదినవ్?"

చెప్పాను.

"నీ బూర పాడుగాను," అంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

వారం 11, సోమవారం

ఇవాళ బావకు డెబ్బై ఊదాను. అది చూసి పైకి పంపిస్తారని ఆశ. దొర జవాబు నిమిషంలో వచ్చింది. ఒక్క వారంలో ఊపిరి అంత పడదట, అది పట్టీ లోపమట. వరసగా నాలుగు సోమవారాలు అదే అంకె వస్తేనే నమ్ముతాడట. అంతదాకా దొర లెక్కలో బావ ఊపిరి తొంభై రెండే.

పెంచి చెప్పినప్పుడు ఒక్క ఊదుకే నమ్మాడు. తగ్గించి చెబితే నాలుగు కావాలట.

వారం 13, బుధవారం

బావ పడిపోయాడు. నాలుగో అంతస్తులో గొట్టం గీకుతూ గీకుతూ మోకాళ్ల మీద కూలబడ్డాడట. సంచులు మోసే తొట్టిలోనే పడుకోబెట్టి పైకి లాగారు. మొహమంతా తెల్లపొడి, పెదాలు నేరేడుపండు రంగు.

కంపెనీ ఆసుపత్రిలో పరీక్ష చేశారు. ఊపిరితిత్తులు కడగాలి అన్నారు. మూడు రోజులు మంచంలో ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి కడుగుతారట. కడిగితే ఇంకో పదేళ్లు నిక్షేపంగా బతుకుతాడని అక్కడి నర్సు చెప్పింది. ప్రత్యేక కవచం ఉంది కాబట్టి దొర ఊ అంటే ఇవాళే మొదలుపెట్టొచ్చు అంది. అక్క నర్సు చేతులు పట్టుకుంది.

గొట్టంలో బావే ఊదాడు. ముప్పై ఒకటి.

దొర జవాబు తెర మీద వచ్చింది. నర్సు చదివింది. "నమోదైన శ్వాస తొంభై రెండు. నేటి శ్వాస ముప్పై ఒకటి. ఇంత పతనం సాధ్యం కాదు. పట్టీ లోపం కావచ్చు. వరసగా నాలుగు సోమవారాలు ఇదే శ్వాస నమోదైతే చికిత్స మంజూరవుతుంది. విచారణ ముగిసేవరకు ఇంటి వద్ద ఉండవచ్చు. కుటుంబ కవచం కొనసాగుతుంది. మీ శ్వాస, మా బాధ్యత."

"మనిషి గీడనే ఉన్నడు గదమ్మా. మీ కండ్లకు కనబడ్తలేడా?" అంది అక్క.

నర్సు తల వంచుకుంది. తన మణికట్టుకూ మాలాంటి పట్టీయే ఉంది.

వారం 14, సోమవారం

దినచర్య రాసేవాణ్ని కాబట్టి గొట్టం ఇంటికి తీసుకెళ్లే వీలుంది. బావను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ఊదాడు. ముప్పై ఒకటి.

"గిది నాదేరా. అచ్చంగ నాది," అన్నాడు. పద్నాలుగు నెలల తర్వాత సొంత ఊపిరి దొర లెక్కకెక్కిందని ఆ మురిపెం.

అక్క ఊరుకోలేదు. "తమ్మీ, నువ్వు పోయి చెప్పు. నేనే ఊదిన, మా బావకు నిరుడే ఊపిరి లేదు అని చెప్పు. తప్పయింది, కాళ్లు మొక్కుత అని చెప్పు. నాలుగు వారాలు యాడ ఉంటడురా ఈయన?"

చెబితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. పట్టీ మార్చి ఊదితే జట్టు మొత్తానికీ కవచం రద్దు. రజితకు ఇప్పుడు ఎనిమిదో నెల, కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. కోత పెట్టకుండా కాన్పు కాదన్నారు. కవచం లేనివాళ్లకు ఆసుపత్రి గేటు తెరుచుకోదు.

రజిత గుమ్మంలోనే ఉందని మేము చూడలేదు. గంజి గిన్నె పట్టుకుని నిలబడింది.

"చెప్పుండ్రి అన్నా. నాదేదో నేను జూస్కుంట," అంది.

"నువ్వేం జూస్కుంటవ్ బిడ్డా, కడుపు జూస్కో పో," అన్నాడు బావ. ఒక్కో మాటకూ ఆగుతూ, "నాలుగు వారాలే గద. ఊపిరి బిగబట్టుకోని ఉంట," అన్నాడు.

ఎవరం నవ్వలేదు. ఆయన ఒక్కడే నవ్వబోయి దగ్గాడు.

వారం 14, మంగళవారం

అయినా ఉండబట్టక జ్యోత్స్న మేడం దగ్గరికి వెళ్లాను. "మేడం, మాటవరసకు అడుగుతున్న. ఒకల పట్టీకి ఇంకొకలు ఊదితె..." అని మొదలుపెట్టానో లేదో ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఓదెలు గారూ, ఆ మాట నేను వినలేదు. వింటే నమోదు చెయ్యాలి. చేస్తే ఎనిమిదిమందీ పోతారు." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "కొమురయ్య గారికి శాలువా కప్పింది నేనేనండీ. నాకూ నిద్ర పట్టడం లేదు. దయచేసి వెళ్లండి."

వచ్చేశాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామని దారంతా ప్రయత్నించాను. ఎంత తిప్పినా ఆ కోపం నా మీదికే వచ్చింది. తొంభై రెండు ఊదింది ఆమె కాదు.

వారం 15, సోమవారం

ముప్పై. ఒకటి తగ్గినా ఫర్వాలేదట, దొర లెక్కలోకి తీసుకున్నాడు. రెండు వారాలయ్యాయి. ఇంకో రెండు.

ఊదడానికి ముందు అరగంట, ఊదాక గంట ఆయాసపడ్డాడు.

వారం 15, శనివారం

బావ పోయాడు. మధ్యాహ్నం అక్క గంజి తాగిస్తుంటే రెండు గుటకలు వేసి, మూడోది మింగలేదు.

అక్క ఏడ్పు నోట్లోనే కుక్కుకుంది. కొంగు పళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చింది. బావ పోయాడని కంపెనీకి తెలిసిన రోజే కవచం ఆగిపోతుంది. ఇంట్లో సూదులు తొమ్మిది రోజులకే ఉన్నాయి. విచారణలో ఉన్నవాడు పనికి రానక్కర్లేదు, సోమవారం ఊదితే చాలు. ఇది నేను చెప్పలేదు, అక్కా చెప్పలేదు. ఇద్దరం ఒకేసారి బావ మణికట్టు వైపు చూశాం.

జట్టులోని మగవాళ్లు నలుగురం పాత బొగ్గుకుప్పల వెనక గుంత తీసి పడుకోబెట్టాం. డప్పు లేదు, పదిమందీ లేరు. ఈ కాలనీలో ఎవరు పోయినా ముందు నడిచి బూర ఊదినవాణ్ని నేను. మా బావకు ఊదలేదు. ఊదితే కంపెనీకి వినబడుతుంది. అడిగి మరీ పెట్టుకున్న ఒక్క కోరిక, అదీ నవ్వుతూ అడిగింది, తీర్చలేకపోయాను. నాకు నా మీద అసహ్యమేసింది.

పట్టీ అక్క దగ్గరే ఉంది.

వారం 16, సోమవారం

పొద్దున్నే అక్క గొట్టం ముందు పెట్టి, పట్టీ తగిలించి, "ఊదు," అంది.

"ఎంత?"

"ఆయనెంత ఊదిండో గంత."

నాకు చేత కాదని అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ల బతుకులో గట్టిగా ఊదడమే నేర్చుకున్నాను. ముందు నా అరచేతిలోకి ఊది చూసుకున్నాను. ఎంత ఆపినా దమ్ము తన్నుకొస్తోంది.

"అట్ల కాదు," అంది అక్క. నా పక్కన కూర్చుంది. "ముందుగాల దగ్గు. ఇగ ఆగు. నోరు దెరిచి గుంజుకో, అది సగంలనే ఆగిపోతది. ఆగినకాడ మెడనరాలు లేస్తయ్. అప్పుడు విడువు. కొంచెం విడిచినంక మళ్ల ఆగుతది. అప్పుడు నా దిక్కు జూస్తుండె. అప్పుడు మిగిలింది విడుస్తుండె."

ఆమె చేసి చూపించింది. వెనక్కి తిరిగి ఉంటే గదిలో బావ ఉన్నాడనే అనుకునేవాణ్ని. నేనూ అలాగే దగ్గాను, సగం గుంజుకున్నాను, ఆగాను, అక్క వైపు చూశాను. విడిచాను.

ముప్పై ఒకటి.

అక్క గొట్టం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. నేను బయటికి పోయి పెరట్లో కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం రజితకు కోత పెట్టి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడిస్తే వార్డంతా వినబడుతోందట. మంచి దమ్ము అన్నమాట.

వారం 17, సోమవారం

ముప్పై.

నిమిషం కూడా పట్టలేదు. "కొమురయ్య గారికి శుభవార్త. మీ వ్యాధి నిర్ధారణ అయింది. ఊపిరితిత్తుల శుద్ధి చికిత్స మంజూరు చేయడమైనది. గురువారం ఉదయం ఎనిమిది గంటలకు రండి. మంచం నంబరు ఆరు. ఏమీ తినకుండా రావలెను. మీ శ్వాస, మా బాధ్యత."

అక్క రెండుసార్లు చదివించుకుంది.

"రెండు సోమవారాలు ఆయన ఊదిండు," అంది. "రెండు నువ్వు ఊదినవ్. ఏవి నమ్మిండు రా దొర?"

ఆయనవీ నావీ అవే అంకెలు.

వారం 17, గురువారం

ఆసుపత్రికి నేనొక్కణ్నే పోతానన్నా అక్క వినలేదు. "ఆ మంచం ఎట్లుంటదో జూస్త," అని బయల్దేరింది. బావ బదులు తనే ఆ మంచం ఎక్కేదైనట్టు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. షుగరు ఉన్నదానివి తినాలే అంటే కసిరింది.

కిటికీ దగ్గరి అమ్మాయి పేరు చూసి, "పేషెంటు ఎక్కడమ్మా?" అంది.

"రాలే."

"రాకపోతే ఆయనే చికిత్స వద్దన్నారని రాయాల్సి వస్తుంది. అప్పుడు కొలువు, కవచం రెండూ ముగిసిపోతాయి. ఫోన్ చేసి పిలవండి."

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిజం చెబితే రెండు సోమవారాలు చచ్చినవాడు ఎలా ఊదాడని అడుగుతారు. రజిత ఇంకా పైవార్డులోనే ఉంది, కుట్లు విప్పలేదు.

"రాసుకో బిడ్డా," అంది అక్క. "జర ఆ మంచం సూపిస్తవా?"

అమ్మాయికి అర్థం కాలేదు గాని చూపించింది. ఆరో నంబరు కిటికీ పక్కనే ఉంది. తెల్లటి దుప్పటి, తలవైపు రెండు గాలి గొట్టాలు. అక్క వంగి పరుపును అరచేత్తో నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"మెత్తగనే ఉన్నది," అంది. దుప్పటి ముడత సరిచేసి బయటికి నడిచింది.

దినచర్యలో రాయాల్సిన వాక్యం కంపెనీయే పంపింది. "కొమురయ్య చికిత్సను స్వయంగా నిరాకరించి కొలువు వదులుకున్నారు." దాన్ని నా చేత్తోనే తెర మీద ఎక్కించాను. కింద నా పేరు కూడా పెట్టాను.

వారం 19, సోమవారం

జట్టులో ఒక చోటు ఖాళీ అయింది కదా. అందులోకి అక్క వచ్చింది. సూదులు కావాలంటే కవచం కావాలి, కవచం కావాలంటే కొలువు కావాలి. పోయిన బుధవారం చేర్చుకునే పరీక్షలో సొంతంగా ఊదితే యాభై ఏడు వచ్చేదేమో. అది నేనే ఊదాను.

ఇవాళ మొదటి ఊదుడు. బావ నిలబడే చోటే నిలబడింది, నా వెనక. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. నా వంతు అయ్యాక పట్టీ విప్పి నా చేతిలో పెట్టింది.

"డెబ్బై," అంది. "ఒక్కటి ఎక్కువయినా ఊకోను తమ్మీ."

పట్టీ తగిలించాను. పీల్చాను. ఎక్కడ ఆపాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

డెబ్బై వచ్చింది. అక్క పట్టీ తిరిగి కట్టుకుని, మాస్కు వేసుకుని కిందికి దిగింది. నేను తెర తీసి ఈ వారం దినచర్య రాశాను. జట్టులో ఎనిమిదిమందీ ఆరోగ్యంగా ఉన్నారు.